తగినంత అంటే ఎంత

గుడివాడలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పే కాంతారావు రాసిన వ్యాసం అంతర్జాతీయ పత్రికలో పడిందని ఊళ్లో అందరికీ తెలుసు. పడలేదన్న సంగతి ఒక్క కాంతారావుకే తెలుసు.

పంపిన మాట నిజమే. పంపిన మరుక్షణం, మీ వ్యాసం అందింది, ధన్యవాదాలు అని అవతలి కంప్యూటరు తనంతట తనే ఓ జవాబు పడేసింది. దాన్ని నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంగ్లీషులో ఉంది కాబట్టి మంచి వార్తే అయ్యుంటుందని ఆయన భార్య రాజకుమారి ఆ కాయితానికి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి పటాల ముందు పెట్టింది. పెట్టి ఎదురింటావిడకి చెప్పింది. ఎదురింటావిడ కాలేజీ ప్రిన్సిపాలు యుగంధర్‌గారి భార్యకి చెప్పింది. శుక్రవారం సాయంత్రానికి శాలువా వచ్చేసింది. శనివారం పొద్దున్నకి కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ లేచింది. అందులో కాంతారావు బొమ్మ పాస్‌పోర్టు సైజులో ఉంది, యుగంధర్‌గారి బొమ్మ నిలువెత్తున ఉంది. రెండువేల ఎనిమిదో సంవత్సరం, ఫ్లెక్సీలు చవకైన కొత్త. గేదె ఈనినా వేయించే రోజులు.

అది ఉత్త రసీదేనని చెబుదామని కాంతారావు రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి నోట్లో మైసూరుపాకు పెట్టారు. రెండోసారి మైకు పెట్టారు. మైకు పెట్టాక నిజం చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

వ్యాసం ఉప్పు మీటరు గురించి. దివిసీమ చివరి ఊళ్లలో ఎండాకాలం వస్తే సముద్రం నీళ్లు కాలవల్లోకి ఎగదన్నుతాయి. చేలోకి తూము ఎత్తేముందు రైతు కాలవ నీళ్లు పుక్కిట పట్టి ఉమ్మి, పనికొస్తాయో పనికిరావో తేల్చాలి. జలుబు చేసిన రోజున ఎకరం నారుమడి పోయిన సందర్భాలున్నాయి. అవనిగడ్డలో భూషణం అని ఓ రేడియో మెకానిక్కున్నాడు. రేడియోలు పోయాయి కానీ బోర్డు మీద మాట పోలేదు. పరీక్షల డ్యూటీకి ఆ ఊరెళ్లినప్పుడు కాంతారావుకి అతను పరిచయమయ్యాడు. ఇద్దరూ రెండు ఎండాకాలాలు కూచుని ఓ పరికరం తయారుచేశారు. పైన స్టీలు టిఫిను డబ్బా. అందులో చిన్న సర్క్యూటు, పాత టేపురికార్డరులోంచి పీకిన ముల్లు మీటరు. కింద ప్లాస్టిక్కు గొట్టం, గొట్టం చివర రెండు సైకిలు పుల్లలు. నీళ్లలో ముంచితే ముల్లు లేచి ఎంత ఉప్పుందో చూపిస్తుంది.

ఆ పత్రిక పద్ధతే వేరు. పరికరం చేసినవాడు దాని గుట్టంతా విప్పి రాయాలి. సామాన్ల జాబితా, బొమ్మలు, కొలతలు, ఏది ముందు ఏది వెనక, అన్నీ. చదివినవాళ్లు ఏ దేశంలో ఉన్నా, ఎవర్నీ అడక్కుండా దాన్ని చేసుకోవచ్చు. పైసా కట్టక్కర్లేదు. ఇది గొప్ప ఆదర్శమని కాంతారావు క్లాసులో చాలాసార్లు చెప్పాడు. పరీక్షలో రాదని పిల్లలు రాసుకోలేదు.

ఫ్లెక్సీ కట్టిన ఆరు వారాలకి అసలు జవాబొచ్చింది. వ్యాసాన్ని ఇద్దరు పరిశీలకులు చదివారట. పేర్లు లేవు, ఒకటో నంబరు, రెండో నంబరు, అంతే. ఒకటో నంబరాయన బాగుందన్నాడు. రెండో నంబరాయన ఇరవయ్యొక్క ప్రశ్నలడిగాడు.

మొదటి ప్రశ్న ఇది. "తగినంత ఉప్పు కలిపిన నీళ్లలో ముంచి ముల్లుని సగానికి సరిచేయాలని రాశారు. ఇది ఉప్పు కొలిచే పరికరం. తగినంత అంటే ఎంత?"

కాంతారావు నెట్ సెంటరు కుర్చీలో ముందుకి జరిగి కూచున్నాడు. తర్వాతవి చదివాడు. కాస్త ఎడంగా అంటే ఎన్ని మిల్లీమీటర్లు? గట్టిగా బిగించాలి అంటే ఎంత గట్టిగా, చేత్తోనా, పట్టకారుతోనా? జాబితాలో ఎర్ర తీగ అని ఉంది, నాలుగో బొమ్మలో అది పచ్చగా ఎందుకుంది? మేము వంచాము, మేము అతికించాము అని రాశారు, ఆ పని చేసిన చేతులెవరివి? రచయితల్లో రెండో పేరాయన పరికరంలో ఏ భాగం చేశారు?

రెండో పేరు యుగంధర్‌గారిది. ఆయన చేసిన భాగం ప్రిన్సిపాలుగా ఉండటం. భూషణం పేరు వ్యాసంలో ఎక్కడా లేదు, చివర ధన్యవాదాల్లో "స్థానిక టెక్నీషియను" అని ఉంది.

కాంతారావుకి సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా ఇంకోటి వేసింది, దానికేం పేరు పెట్టాలో తెలియలేదు. ఇరవైరెండేళ్ల ఉద్యోగంలో ఆయన రాసిందాన్ని రెండో పేజీ దాటి చదివిన మనిషి లేడు. ఎంఫిల్ థీసిస్సుని గైడు విప్పకుండానే సంతకం పెట్టాడు, సంతకం పెట్టేటప్పుడు దాని మీద కాఫీ గ్లాసు కూడా పెట్టాడు. అలాంటిది ఎక్కడో, ఏ సముద్రానికి అవతలో, ముక్కూ మొహం తెలియని మనిషి ఈయన గీసిన నాలుగో బొమ్మలో తీగ రంగు చూశాడు. జీతం లేకుండా చూశాడు. తొమ్మిదో పేజీలో ఈయనకే గుర్తులేని వాక్యం పట్టుకుని, ఇది మీరు నిజంగా అన్నారా అని అడిగాడు. గుళ్లో గర్భాలయం ముందు తలుపు తీసినప్పుడు నిలబడ్డట్టు కాంతారావు ఆ స్క్రీను ముందు నిలబడిపోయాడు. వెనకాల చాటింగు కోసం వచ్చిన కుర్రాళ్లు కుర్చీ ఖాళీ అయిందనుకుని కూచున్నారు.

ఉత్తరం చివర ఓ షరతుంది. రచయితకి చుట్టం కాని, శిష్యుడు కాని, తోటి ఉద్యోగి కాని మనిషి ఎవరైనా, ఈ కాయితాలు తప్ప ఇంకే సాయం లేకుండా పరికరం తయారుచేయాలి. నోటిమాట సాయం కూడా కూడదు. చేసేవాళ్ల భాషలో రాసివ్వచ్చు, ప్రతి అనుమానం రాతలో అడగాలి, ప్రతి జవాబు రాతలో ఇవ్వాలి. ఆ మనిషి ఉత్తరం అరవై రోజుల్లో అందకపోతే వ్యాసం వెనక్కి.

వ్యాసం వెనక్కొస్తే శాలువా ఏం చేయాలో ఎవరికీ తెలియదు. శాలువాలు వెనక్కిచ్చే పద్ధతి మన వైపు లేదు.

కాంతారావు ఆ రాత్రే తెలుగులో తిరగరాయడం మొదలెట్టాడు. ముందు ఉప్పు. వంటింట్లోకెళ్లి పప్పులోకి ఉప్పెంత వేస్తావని రాజకుమారిని అడిగాడు.

"తగినంత" అంది ఆవిడ.

ఎంత అని మళ్లీ అడిగితే, చెయ్యి చెబుతుందంది. పాతికేళ్లుగా తింటూ ఇప్పుడేం లెక్క అంది. ఆయన పొట్లం కాయితం పట్టి, పప్పులోకి వేసినట్టే ఇందులో వెయ్యమన్నాడు. మూడుసార్లు వేయించాడు, మర్నాడు కాలేజీ లాబు తక్కెడలో తూచాడు. మూడు పొట్లాలకీ చిటికెడు కూడా తేడా లేదు. ఆ తక్కెడే ఒక్కోసారి ఒక్కో మాట చెబుతుంది, ఆవిడ చెయ్యి చెప్పలేదు. ఇంటికొచ్చి భార్య కుడిచేతిని తీసుకుని కాసేపు చూశాడు. ఆవిడ కంగారుపడి, ఒంట్లో ఎలా ఉందని అడిగింది.

"నీ చేతికి వంక పెట్టడానికి లేదు రాజీ. కానీ చేతిని పోస్టులో పంపలేం కదా."

లీటరు నీళ్లకి ఐదు గ్రాముల ప్యాకెట్టు ఉప్పు అని రాశాడు. బందరు గాలికి రాళ్ల ఉప్పు చెమ్మగిల్లి బరువు పెరుగుతుంది కాబట్టి అది వద్దని కూడా రాశాడు. పుల్లల మధ్య దూరం పన్నెండు మిల్లీమీటర్లు. తీగ రంగు పచ్చ. రచయితల్లో యుగంధర్‌గారి పేరు తీసేసి భూషణం పేరు పెట్టాడు. ఈ ఒక్క మార్పు గురించి యుగంధర్‌గారికి రాతలో గానీ నోటితో గానీ చెప్పలేదు.

అంతా చెప్పాడు, ఒక్కటి తప్ప. సైకిలు పుల్లలకి మీద కనపడని జిడ్డొకటి ఉంటుంది. గొట్టంలో బిగించేముందు భూషణం వాటిని చింతపండు నీళ్లలో పావుగంట మరగబెట్టి, కొబ్బరిపీచుతో తోముతాడు. అప్పుడే ముల్లు నిలకడగా ఉంటుంది. కాంతారావు చింతపండు అని రాశాడు, కొట్టేశాడు. సైకిలు పుల్లలంటేనే అంతంతమాత్రంగా ఉంది. అంతర్జాతీయ పత్రికలో చింతపండు ఏమిటి, చారు పెట్టుకుంటున్నామనుకుంటారు. పరువు తక్కువ. అయినా ఇది చిన్న సంగతి, ఎవరికైనా తోస్తుందిలే అనుకున్నాడు.

ఇక మనిషి కావాలి. గుడివాడలో కాంతారావుకి చుట్టం కానివాడు దొరకడం కష్టమైంది. టీవీ బాగుచేసే ఆయన మావయ్యా అంటాడు. కరెంటాఫీసు ఆయన బావా అంటాడు. నందివాడలో మోటార్లు చుట్టే మనిషున్నాడని ఎవరో చెబితే వెళ్లాడు, ఆయన లేచి కుర్చీ వేసి, మీ దగ్గర ఎనభైతొమ్మిది బ్యాచ్‌నండీ అన్నాడు. ఇరవై రోజులు పోయాయి. యుగంధర్‌గారు ఇంత చిన్న విషయానికి తిరగడమేమిటని నొచ్చుకున్నారు. ఎవరి పేరు కావాలో చెబితే ఉత్తరం టైపు కొట్టించి పది నిమిషాల్లో స్టాంపు వేయించిస్తానన్నారు. మన దేశంలో సగం పనులు ఆ స్టాంపు మీదే నడుస్తున్నాయన్నారు. కాంతారావు సరేననబోయాడు. చదవని వాళ్లకి అబద్ధం రాసివ్వడం ఆయన ఎరిగిన పనే. తీగ రంగు కూడా చూసే మనిషికి రాయాలంటే చెయ్యి రాలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర రాజకుమారి చాలాసేపు గరిటె తిప్పుతూ కూచుని, బందరు పక్కన చిలకలపూడిలో దుర్గ అని ఒకమ్మాయుందని చెప్పింది. రోల్డుగోల్డు కార్ఖానాలో గొలుసులకి అతుకులు వేస్తుందట, ఆవగింజంత కొక్కేన్ని కూడా వంకర పోకుండా అతుకుతుందట. ఆ అమ్మాయి నీకెలా తెలుసని కాంతారావు అడిగాడు. రాజకుమారి చేతులు రెండూ బల్ల కిందకి దించింది. తర్వాత పైకి తీసి, ఈ గాజులు రోల్డుగోల్డేనని, మెళ్లో గొలుసూ అంతేనని, అసలువి ఆరేళ్లుగా బ్యాంకు లాకర్లో ఉన్నాయని, అరిగినప్పుడల్లా బందరు పాసింజరెక్కి వెళ్లి మార్చుకొస్తున్నానని చెప్పింది. లోహాల మీద ఏటా పదకొండు గంటల పాఠం చెప్పే కాంతారావు ఆ గాజుల వంక ఇన్నేళ్లకి మొదటిసారి చూశాడు.

కాయితాలు రాజకుమారే తీసుకెళ్లి ఇచ్చింది. దుర్గ పుట్టిల్లు కోడూరు దగ్గర, కాలవ చివరి ఊరు. పేజీలు తిప్పి ఒక్కటే అడిగిందట, చేశాక అది నేను ఉంచేసుకోవచ్చా అని. ఉంచుకోవచ్చని మొదటి పేజీలోనే ఉందని రాజకుమారి చూపించింది. అయితే చేస్తానంది.

పదహారు రోజులకి ఉత్తరమొచ్చింది, గీతల కాయితం మీద గుండ్రటి అక్షరాలు. ఏ రోజు ఏ మెట్టు చేసిందో, ఎక్కడ రెండుసార్లు చదవాల్సొచ్చిందో, పన్నెండో పేజీలో మూత బిగించాలని ఉంది కానీ మూతకి చిల్లులు పెట్టమని అంతకుముందు ఎక్కడా లేదని, అన్నీ ఉన్నాయి. కాంతారావు వ్యాసంకంటే ఆ ఉత్తరం బాగుంది. చివర, "పదమూడో మెట్టు తర్వాత ముల్లు నిలవడం లేదు. ఐదు గ్రాముల ఉప్పు నీళ్లలో ఒకసారి యాభై, ఒకసారి ముప్ఫై. కాయితంలో ఉన్నదంతా చేశాను" అని ఉంది.

గడువు ఇంక తొమ్మిది రోజులుంది. కాంతారావు పాసింజరెక్కాడు. రాసివ్వాలంటే చింతపండు కాయితం మీదకెక్కుతుంది, పత్రికకి చేరుతుంది. చెవిలో ఒక్కమాట చెప్పేసి వస్తే సరిపోతుంది, ఎవరికి తెలుస్తుంది. బండి వడ్లమన్నాడు దాటేసరికి ఆ మాట కూడా తయారుచేసుకున్నాడు. చిలకలపూడిలో కార్ఖానా అంటే ఓ పెంకుటిల్లు వసారా, నలుగురు ఆడవాళ్లు, నాలుగు మంటలు. ముప్ఫైయేళ్ల మనిషి కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి గుమ్మంలోకొచ్చింది. కాంతారావు తన పేరు చెప్పాడు.

"మీరా మేష్టారూ. మీరు నాతో మాట్లాడకూడదు కదండీ" అంది దుర్గ.

"చిన్న విషయమేనమ్మా. ఆ పుల్లలు..."

"చెప్పకండి. చెబితే నేను చేసింది చెల్లదు. పదహారు రోజులు పోతాయి." లోపలికెళ్లి కాయితం, పెన్ను తెచ్చి గుమ్మం మీద పెట్టింది. "ఏదన్నా ఉంటే రాయండి."

కాంతారావు పెన్ను తీసుకోలేదు. నీకేమీ తోచలేదా అమ్మా అని అడిగాడు, అది పుల్లల గురించి కాదు కాబట్టి అడగొచ్చనుకున్నాడు.

"తోచిందండీ. మేం నగ ఏదైనా ముందు కడుగుతాం. జిడ్డుంటే పూత పట్టదు. మీ పుల్లలకీ జిడ్డుందని రెండోరోజే తెలిసింది. మీ కాయితంలో కడగమని లేదు."

"మరి కడగలేదేం?"

"కాయితంలో లేదు కదండీ." ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "నేను నాకు తెలిసింది కలిపి చేశాననుకోండి, బాగా పనిచేస్తుంది. నేను బాగుందని రాసిస్తాను. రేపు నగల పని తెలియని వాళ్లెవరో ఎక్కడో చేసుకుంటారు. ముల్లు నిలవదు. వాళ్లది ఏ కాలవో, ఏ చేనో. అప్పుడు నా సంతకం ఉంటుంది కదండీ దాని మీద."

కాంతారావు గుమ్మం మెట్టు మీద కూచున్నాడు. పనిచేయని పరికరాన్ని పద్నాలుగు రోజులు ఒళ్లో పెట్టుకుని, ఎందుకు పనిచేయట్లేదో తెలిసి కూడా, చెయ్యి వేయకుండా కూచుంది ఈ మనిషి. ఎవరో తెలియని ఇంకో మనిషి కోసం. రెండో నంబరాయన ఎలా ఉంటాడోనని రెండు నెలలుగా ఊహించుకుంటున్నాడు, తెల్లగడ్డం, పుస్తకాల గది, కిటికీలోంచి మంచు. ఎదురుగా ముక్కు మీద మసి, మోచేతి దాకా కాలిన మచ్చలు. తను ఇలాంటి మనుషుల కోసం రాస్తున్నాడని ఇంతవరకూ ఆయనకి తట్టలేదు.

పెన్ను తీసుకుని రాశాడు. "పన్నెండు-ఎ. చింతపండు, ఇరవై గ్రాములు. నీళ్లు, అర లీటరు. పుల్లల్ని అందులో పదిహేను నిమిషాలు మరగబెట్టి, కొబ్బరిపీచుతో తోమి, మంచినీళ్లతో కడగాలి. తర్వాత చేత్తో ముట్టుకోకూడదు."

దుర్గ చదివింది. "పాత చింతపండా, కొత్తదా?"

కాంతారావు నోరు తెరిచి, మూసి, కాయితం వెనక్కి తీసుకుని "ఏదైనా ఫరవాలేదు" అని రాసిచ్చాడు.

గడువుకి మూడు రోజుల ముందు కోడూరు అవతల చివరి లాకు దగ్గర కలుసుకున్నారు. భూషణం అవనిగడ్డ నుంచి మొదటి మీటరు తెచ్చాడు. దుర్గ బస్సు దిగింది, చేతిసంచిలో తను చేసిన మీటరుంది. టిఫిను డబ్బాలు రెండూ పక్కపక్కన పెడితే భోజనాలకొచ్చారనుకుంటారు. లాకుకి ఇటు మంచినీళ్లు, అటు సముద్రం పోటు నీళ్లు, మధ్య తలుపు సందుల్లోంచి అవీ ఇవీ కలుస్తున్నాయి. ఏ చోట ఎంత ఉప్పుందో దేవుడికి కూడా పుక్కిలిస్తే తప్ప తెలియదు. నియమం ప్రకారం ఒకరి అంకె ఒకరికి చెప్పకూడదు. భూషణం ఇటువైపు తిరిగి తన మీటరు ముంచి అగ్గిపెట్టె మీద రాసుకున్నాడు. దుర్గ అటువైపు తిరిగి ముంచి నోటుపుస్తకంలో రాసుకుంది. అలా ఐదు చోట్ల.

అగ్గిపెట్టె మీద పదకొండు, పంతొమ్మిది, ముప్ఫైఏడు, అరవైరెండు, ఎనభైఎనిమిది. నోటుపుస్తకంలో పదకొండు, పంతొమ్మిది, ముప్ఫైఏడు, అరవైమూడు, ఎనభైఎనిమిది.

అరవైమూడు దగ్గర తన చెయ్యి కదిలి ఉంటుందని దుర్గ నొచ్చుకుంది. కాంతారావు వినట్లేదు. ఒకరినొకరు ఎప్పుడూ చూడని రెండు డబ్బాలు, మధ్యలో ఉన్నది కాయితం ఒక్కటే, ఒకే నీళ్లని చూసి ఒకే మాట చెబుతున్నాయి. న్యూటను సూత్రాలు ఎక్కడైనా ఒకటేనని ఆయన ఇరవైరెండేళ్లుగా పిల్లలకి చెబుతున్నాడు. నిజమని ఇవాళ తెలిసింది.

దుర్గ లాకు గోడ మీద కూచుని ఉత్తరం పూర్తిచేసి సంతకం పెట్టింది. దాన్ని మర్నాడు గుడివాడ నెట్ సెంటరు నుంచి పంపితే, నెల తిరిగేసరికి వ్యాసం నిజంగానే పడింది, చింతపండుతో సహా. కానీ అప్పటికి కాంతారావు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. ఊళ్లో అందరికీ ముందే తెలుసు.

ఆ రోజు లాకు దగ్గర మాత్రం ఇంకో చిన్న సంగతి జరిగింది. భూషణం, అమ్మాయ్ నీది ఒకసారి విప్పి చూడొచ్చా అని అడిగాడు. దుర్గ మూత తీసిచ్చింది. లోపల అన్నీ భూషణం డబ్బాలో ఉన్నట్టే ఉన్నాయి. ఆ రంగులే, ఆ దూరాలే. మీటరు దగ్గర పచ్చ తీగ తిన్నగా వెళ్లకుండా చిన్న మెలిక తిరిగి మరమేకుని చుట్టుకుని వెళ్లింది. భూషణం ఆ మెలిక దగ్గర వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఇదెందుకు తిప్పావమ్మా?"

"బొమ్మలో ఉందండీ. ఐదో బొమ్మ. సరిగ్గా రావడానికి మూడుసార్లు చేశాను."

భూషణం కాంతారావు వైపు చూశాడు. మొదటి మీటరు చేసిన రోజు కరెంటు పోయిందని, చీకట్లో చెయ్యి జారిందని, ఎలాగూ పనిచేస్తోందని అలాగే వదిలేశానని మెల్లిగా చెప్పాడు. కాంతారావు అప్పట్లో అది చూసి అలాగే బొమ్మ గీశాడు. భూషణం తన డబ్బా విప్పి దుర్గ డబ్బా పక్కన పెట్టాడు. రెండు మెలికలూ అచ్చు ఒకలాగే ఉన్నాయి. జీవితంలో ఆ మనిషి బాగుచేసిన వస్తువులు వేలల్లో ఉంటాయి, ఒక్కదాని మీదా పేరు లేదు.

"నేను బందరు వెళ్లి రెండేళ్లయింది మేష్టారూ" అన్నాడు. "నా చెయ్యి వెళ్లొచ్చిందే."

మెలిక అక్కర్లేదని ఓ వాక్యం చేర్చాలని, దూరంగా ఎవరైనా దానికోసం మూడుసార్లు కష్టపడకుండా ఉంటారని కాంతారావు అన్నాడు. జేబులోంచి పెన్ను తీశాడు కూడా. దుర్గ అవునంది. భూషణం మాత్రం, రాయండి, తప్పకుండా రాయాలి అంటూనే రెండు డబ్బాల మూతలూ చేతిలో పట్టుకుని, బిగించకుండా అలా చూస్తూ నిలబడ్డాడు.